ప్రేగులలోని నేస్తాలు, నీటిలోని శత్రువులు

మన శరీరంలో మనతోపాటు జీవించే బాక్టీరియాల సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మన దేహకణాల సంఖ్య కూడా దాదాపు అంతే! వీటిలో అత్యధిక భాగం పెద్దప్రేగులో నివసిస్తుంది. మనకు అరగని పీచుపదార్థాన్ని పులియబెట్టడం, 'కె' విటమిన్ తయారుచేయడం, హానికర క్రిములకు చోటు దక్కకుండా చూడడం వీటి నిత్యకృత్యాలు. 1885లో థియొడోర్ ఎషెరిక్ పసిబిడ్డల మలంలో గుర్తించిన ఇ.కోలై అటువంటి సహవాసియే. అయితే అదే క్రిమి ప్రేగును వదలి మూత్రనాళంలో చేరితే మంట, జ్వరం కలిగిస్తుంది. దానిలోనే కొన్ని రకాలు విషాన్ని స్రవించి విరేచనాలకు కారణమవుతాయి.

కలరా, టైఫాయిడ్, షిగెల్లా క్రిములు మాత్రం బయటి నుంచి వచ్చే శత్రువులు. ఒకరి మలం నుండి మరొకరి నోటికి చేరడమే వాటి ప్రయాణం. వాటికి ముఖ్యమైన వాహనం నీరు.

దీవులు నేర్పిన పాఠం

ఏటా సుమారు 3000 మి.మీ. వర్షం కురిసినా అండమాన్ నికోబార్ దీవులలో వేసవి వచ్చిందంటే త్రాగునీటికి కటకటే. 2002 చివరి నెలలలో నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవుల సముదాయంలో కలరా ప్రబలింది. పోర్ట్ బ్లెయిర్‌లోని (2024 నుండి శ్రీ విజయపురం) ప్రాంతీయ వైద్య పరిశోధనా కేంద్రం శాస్త్రజ్ఞులు కలరా క్రిమిని రోగుల మలంలోనే కాక బావినీటిలో కూడా కనుగొన్నారు. నదీముఖాలలోని ఉప్పునీరు ఈ క్రిమికి సహజ నివాసం. కనుక తీరవాసులు ఎన్నడూ ఏమరుపాటుగా ఉండరాదు.

గొట్టంలో జరిగేది

ఇందులో ఇంజనీర్లమైన మనం గమనించవలసిన విషయమొకటి ఉన్నది. నీటి సరఫరా ఆగినపుడు గొట్టంలో పీడనం పడిపోతుంది. అతుకు వద్ద సన్నని పగులుండి, ప్రక్కనే మురుగు నిలిచి ఉంటే అది లోనికి చేరుతుంది. తిరిగి నీరు వదలగానే ఆ మురుగు తొలి బిందెలోకి వస్తుంది. అందుచేత మొదట వచ్చే నీటిని త్రాగడానికి పట్టరాదు. మన ప్రమాణాల ప్రకారం 100 మి.లీ. త్రాగునీటిలో ఒక్క ఇ.కోలై కూడా కనిపించరాదు. ప్రేగులో నేస్తమైన ఆ క్రిమి నీటిలో కనిపిస్తే అందులో మలం కలిసిందనడానికి అదే సాక్ష్యం. కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. క్లోరిన్ మిగిలి ఉండాలనే నియమం కూడా ఇందుకే.

ప్రాణం నిలిపే చిటికెడు ఉప్పు

కలరాలో ప్రాణం తీసేది శరీరం నుండి నీరు, లవణాలు తరలిపోవడమే. అయితే వ్యాధి ఎంత తీవ్రంగా ఉన్నా చక్కెర తోడుంటే ప్రేగు ఉప్పును, దానితో నీటిని పీల్చుకోగలదు. 1971లో బొంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ సూత్రంతోనే వేలమందిని కాపాడారు. ఓఆర్ఎస్ పొట్లం దొరకనపుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల చక్కెర, అన్నీ తలకొట్టి కొలిచి, కలిపి కొద్దికొద్దిగా త్రాగించాలి. విరేచనంలో రక్తం పడినా, బిడ్డ కళ్ళు గుంటలు పడి మగతగా ఉన్నా క్షణం ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

మందు వ్యర్థం కారాదు

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వంలోని పరిశోధనశాల నుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. నేడు కలరాకు వాడే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానికి చెందినదే. ఇంతటి వరాన్ని మనం చేజేతులా పోగొట్టుకుంటున్నాము. అండమాన్‌లో 2000 నుండి 2011 వరకు జరిగిన పరిశీలనలో షిగెల్లా క్రిములు ఒకదాని తరువాత ఒకటిగా మరిన్ని మందులకు లొంగకుండా పోవడం వెల్లడైంది. సాధారణ విరేచనాలకు మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మ్రింగితే శత్రువు బలపడుతుంది, ప్రేగులోని నేస్తాలు నశిస్తాయి.

సబ్బుతో కడిగిన చేయి, మూతపెట్టిన బిందె, కారని గొట్టం: ఈ మూడింటిలో మొదటి రెండూ గృహిణి ఒక్కరి బాధ్యత కాదు, ఇంటిల్లిపాదిదీ. మూడవది మన వృత్తిధర్మం.