సముద్రంపై విమానం దిగాల్సి వస్తే..

సిబ్బంది ఏం చేస్తారు? ప్రయాణికులు ఏం చేయాలి?
గల్ఫ్ బాట పట్టేవారు తెలుసుకోవాల్సిన సంగతులు

మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్.. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని ఈ ప్రాంతాల్లో గల్ఫ్‌లో ఒక్కరైనా లేని వీధి అరుదు. శంషాబాద్‌లో విమానమెక్కి దుబాయి, మస్కట్, దోహా చేరాలంటే అరేబియా సముద్రాన్ని దాటక తప్పదు. ముంబయి తీరం నుంచి ఒమన్ తీరం వరకు సుమారు 1,500 కిలోమీటర్ల మేర కింద నీరే. దాదాపు రెండు గంటల ప్రయాణం.

విమానం కదిలే ముందు సిబ్బంది పసుపు పచ్చ జాకెట్‌ను మెడలో వేసుకుని చూపిస్తారు. ఆ వేళ మనవారిలో చాలామంది ఇంటికి చివరి ఫోను చేస్తూనో, కళ్లు తుడుచుకుంటూనో ఉంటారు. ప్రకటన ఆంగ్లంలో, హిందీలో, కొన్నిటిలో అరబ్బీలో సాగిపోతుంది. అర్థమయ్యేది కొంతే. ఆ రెండు నిమిషాల్లో చెప్పేదేమిటో తెలుగులో తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

కూలడం వేరు.. దించడం వేరు

నీటిలో విమానం కూలిపోవడానికి, పైలట్ దానిని అదుపులో ఉంచి నీటిపై దించడానికి ఎంతో తేడా ఉంది. 1978 జనవరి 1న ముంబయి నుంచి దుబాయి బయలుదేరిన ఎయిరిండియా బోయింగ్ 747 కొద్ది నిమిషాలకే బాంద్రా తీరానికి సమీపంలో సముద్రంలో కూలి, అందులోని 213 మందీ మృతి చెందారు. 2000 ఆగస్టు 23న బహ్రెయిన్ విమానాశ్రయం సమీపంలో గల్ఫ్ ఎయిర్ విమానం సముద్రంలో పడి 143 మంది ప్రాణాలు కోల్పోయారు. అలాంటి ప్రమాదాల్లో జాకెట్లు, తెప్పలు ఉపయోగపడే అవకాశమే ఉండదు.

అదుపులో ఉండి దిగినప్పుడు కథ మారుతుంది. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షుల గుంపు తగిలి రెండు ఇంజిన్లూ దెబ్బతినగా, పైలట్ సల్లెన్‌బర్గర్ విమానాన్ని హడ్సన్ నదిపై దించారు. గాలిలోకి లేచిన అయిదారు నిమిషాల్లోనే ఇదంతా జరిగింది. అందులోని 155 మందీ బతికి బయటపడ్డారు. 1956 అక్టోబరు 16న పసిఫిక్ సముద్రంలో అమెరికా తీర రక్షక నౌక పక్కనే దిగిన పాన్ అమెరికన్ విమానంలోని 31 మందికీ ప్రాణాపాయం తప్పింది. అయితే ఇలాంటి సంఘటనలు అత్యంత అరుదు అన్న మాటను కూడా గుర్తుంచుకోవాలి. భయపడటానికి కాదు, సిద్ధంగా ఉండటానికే ఈ వివరాలు.

సిబ్బంది పని ఏమిటి?

విమానంలో టీ, భోజనం అందించేవారిగానే మనం సిబ్బందిని చూస్తాం. వాస్తవానికి వారిని నియమించింది ముందుగా ప్రయాణికుల భద్రత కోసమే. ప్రతి 50 సీట్లకు కనీసం ఒకరు ఉండాలన్నది నిబంధన. నీటిపై దిగినప్పుడు ఏం చేయాలో వారికి ప్రత్యేక శిక్షణ ఉంటుంది. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు సిబ్బంది తమ సీట్లలో మౌనంగా కూర్చుని ఉంటారు. అది విశ్రాంతి కాదు. ప్రమాదం జరిగితే ఏ తలుపు తీయాలి, ఏమని కేక వేయాలి, ఎవరికి సాయం చేయాలి అని ఆ అర నిమిషంలో మనసులో నెమరు వేసుకుంటారు.

నీటిపై దిగక తప్పదని తేలితే పైలట్ ముందుగా సిబ్బందికి నాలుగు విషయాలు చెబుతారు. ఏం జరిగింది, ఏం చేయబోతున్నాం, ఎంత సమయం ఉంది, ప్రత్యేక సూచనలు ఏమైనా ఉన్నాయా. ఆ వెంటనే సిబ్బంది ప్రయాణికులతో జాకెట్లు తొడిగిస్తారు. పదునైన వస్తువులు, ఎత్తు మడమల చెప్పులు తీసివేయిస్తారు. పసిపిల్లల జాకెట్లు విడిగా అందజేస్తారు. ముందుకు వంగి తల దించుకుని కూర్చునే పద్ధతి చూపిస్తారు. నీటిపై దిగేటప్పుడు కుదుపు ఒక్కసారితో ఆగదు. రెండు మూడు సార్లు రావచ్చు. విమానం పూర్తిగా ఆగేవరకు బెల్టు విప్పరాదు.

ఈ సమాచారం ప్రయాణికులకు చేరకపోతే ఏమవుతుందో 1970 మే 2న కరీబియన్ సముద్రంలో తెలిసొచ్చింది. ఇంధనం అయిపోయి విమానం నీటిపై దిగింది. మైకు వ్యవస్థ పనిచేయక పైలట్ హెచ్చరిక లోపలికి వినిపించలేదు. కొందరు ఇంకా నిలబడే ఉన్నారు. 63 మందిలో 23 మంది చనిపోయారు.

ఆగిన తర్వాత సిబ్బంది తలుపు తీసే ముందు కిటికీలోంచి బయట చూస్తారు. తలుపు అంచు నీటి మట్టానికి దిగువన ఉంటే దాన్ని తీయరు. హడ్సన్ ఘటనలో విమానం వెనుక భాగం దెబ్బతిని నీరు చేరడంతో వెనుక తలుపులు పనికిరాలేదు. అందుకే 'అటు కాదు, ఇటు రండి' అని సిబ్బంది అరిస్తే వాదించకుండా కదలాలి.

జాకెట్ ఊదేది తలుపు దగ్గరే

జాకెట్ సాధారణంగా సీటు కిందే ఉంటుంది. తల మీదుగా వేసుకుని నడుము పట్టీ బిగించాలి. కింద వేలాడే ఎర్రని పట్టీని లాగితే చిన్న సిలిండర్‌లోని వాయువు నిండి ఉబ్బుతుంది. ఉబ్బకపోతే గొట్టంతో నోటితో ఊదవచ్చు. నీరు తగలగానే వెలిగే దీపం, పిలవడానికి ఈల కూడా ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. విమానం లోపల జాకెట్‌ను ఊదరాదు. 1996 నవంబరు 23న హైజాక్‌కు గురైన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఇంధనం అయిపోయి కొమొరోస్ దీవుల తీరంలో నీటిపై దిగింది. 175 మందిలో 125 మంది చనిపోయారు. దిగిన తాకిడికి కొందరు చనిపోగా, లోపలే జాకెట్లు ఊదుకున్నవారు మరికొందరు లోనికి దూసుకొచ్చిన నీటితో పాటు పైకప్పుకు తేలి, కిందికి మునిగి తలుపు చేరలేక చిక్కుకుపోయారు. జాకెట్ తేలుస్తుంది. తలుపేమో కింద ఉంటుంది. తలుపు దాటే క్షణంలోనే ఎర్ర పట్టీ లాగాలన్న నియమానికి కారణం ఇదే.

హడ్సన్ ఘటనపై జరిగిన విచారణలో మరో సంగతి బయటపడింది. జాకెట్‌ను సరిగా తొడిగి పట్టీ బిగించుకున్నవారు చాలా కొద్దిమందే. సీటు కింద చేయి పెట్టి ముందే చూసుకుని ఉంటే తడుములాట తప్పేది.

తెప్పపై ప్రాణరక్షణ

పెద్ద విమానాల్లో తలుపు వద్ద ఉబ్బే జారుడు బల్లే విడదీస్తే తెప్పగా మారుతుంది. కొన్నిటిలో తెప్పలు వేరుగా ఉంటాయి. గోదావరిలో పుట్టి ఎక్కినవారికి దీని కిటుకు చెప్పనక్కర లేదు. అందరూ ఒక పక్కకు ఒరిగితే తిరగబడుతుంది. ఒక్కొక్కరుగా ఎక్కి ఎదురెదురుగా సర్దుకుని కూర్చోవాలి. అందరూ ఎక్కాక సిబ్బంది విమానానికి కట్టి ఉన్న తాడును కోసి తెప్పను దూరంగా తీసుకెళతారు. ఒకటికి మించి తెప్పలుంటే వాటిని తాడుతో కలుపుతారు. విడిపోయిన తెప్పలకన్నా కలిసి ఉన్నవి గాలించే విమానాలకు త్వరగా కనిపిస్తాయి.

ఆ తర్వాత వరుస ఇలా ఉంటుంది. మొదట ఎండ, గాలి, చలి నుంచి రక్షణ. తర్వాత ఉన్న చోటు తెలియజేయడం. ఆపై నీరు. చివరగా ఆహారం. తెప్పపై గుడారం లేపి, చేరిన నీటిని తోడివేసి, గాయపడినవారికి ప్రథమ చికిత్స చేస్తారు. అరేబియా సముద్రంలో చలి కన్నా ఎండ, దాహమే పెద్ద శత్రువులు.

దాహం ఎంత వేసినా సముద్రపు నీరు తాగరాదు. ఆ ఉప్పును బయటకు పంపడానికి శరీరం తాగిన దానికన్నా ఎక్కువ నీటిని ఖర్చు చేస్తుంది. దాహం పెరుగుతుందే తప్ప తీరదు. వాన పడితే గుడారం మీది నీటిని పట్టుకోవాలి. నీరు తక్కువగా ఉన్నప్పుడు తిండి కూడా తగ్గించాలి. తిన్నది అరగడానికీ నీరు కావాలి.

సాయం కోసం ఎర్రటి మంట వెలిగే కడ్డీలు, అద్దం, నీటిని రంగు మార్చే పొడి తెప్పలోని సంచిలో ఉంటాయి. మంట కడ్డీని గాలి వీచే వైపు కాకుండా దానికి ఎదుటి పక్కన, తెప్ప వెలుపలికి చాచి పట్టుకోవాలి. లేదంటే నిప్పురవ్వలు తెప్పపైనే పడతాయి. రేడియో పరికరం పంపే సంకేతాన్ని ఉపగ్రహాలు అందుకుంటాయి. మన దేశంలో ఆ సమాచారం బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది. సముద్రంలో గాలింపును భారత తీర రక్షక దళం సమన్వయం చేస్తుంది.

ఎక్కగానే చేయాల్సినవి

* సీటు కింద జాకెట్ ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవాలి.
* ముందు, వెనుక తలుపులకు ఎన్ని వరుసల దూరమో లెక్కపెట్టుకోవాలి. చీకట్లోనూ ఆ లెక్క పనికొస్తుంది.
* సీటు ముందున్న కార్డులో బొమ్మలుంటాయి. చదువు రాకున్నా చూస్తే అర్థమవుతుంది.
* బయటపడేటప్పుడు సంచి, పెట్టె, పచ్చడి డబ్బా ఏదీ పట్టుకోరాదు. పాస్‌పోర్టు మళ్లీ వస్తుంది.
* అర్థం కాకపోతే పక్కవారిని అడగడానికి సిగ్గుపడరాదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటక పడవ మునిగినప్పుడు లైఫ్ జాకెట్ విలువ ఏమిటో తెలుగు నేలకు తెలిసొచ్చింది. నది అయినా, సముద్రమైనా నీటి స్వభావం ఒక్కటే. కొడుకును, భర్తను సాగనంపుతూ వీసా, టికెట్, పాస్‌పోర్టు పదేపదే సరిచూసే ఇంటివారు ఈ ఒక్క మాట కూడా చెప్పి పంపితే మంచిది: "ఆ జాకెట్ చూపించేటప్పుడు ఫోను పక్కన పెట్టి చూడు బిడ్డా."