వేరు పురుగుకు బూజు విరుగుడు - నేల పదునుంటేనే ఫలితం

కొడంగల్: పచ్చగా ఉన్న వేరుశనగ మొక్క ఉన్నట్టుండి వడలిపోతుంది. తడి చాలలేదేమోనని రైతు అనుకుంటాడు. మొక్కను పట్టి లాగితే తేలికగా చేతికి వస్తుంది. వేరు ఉండదు. మట్టి పెళ్ళగిస్తే తెల్లగా, వంకర తిరిగిన పురుగు కనిపిస్తుంది. ఇదే వేరు పురుగు. ఎర్ర నేలల్లో, ఇసుక కలిసిన నేలల్లో దీని బెడద ఎక్కువ. చెదలు కూడా ఇదే విధంగా వేళ్ళను తొలిచి మొక్కను చంపుతాయి.

ఇదివరలో రైతులు దుక్కిలో ఫోరేటు గుళికలు చల్లేవారు. మనుషులకు, పశువులకు ప్రాణాంతకమైన ఈ మందును కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుండి నిషేధించింది. ఇప్పుడు రైతుకు అక్కరకు వచ్చే వాటిలో మెటారైజియం అనే బూజు ఒకటి.

పురుగుకూ తెగులు

పంటకు బూజు తెగులు వచ్చినట్టే పురుగుకూ వస్తుంది. గోధుమను పాడుచేసే పెంకు పురుగులపై ఈ బూజును ప్రయోగించవచ్చునని ఒడెస్సాలో మెచ్నికాఫ్ అనే శాస్త్రజ్ఞుడు 1879లోనే చూపాడు. పురుగు దీనిని తినవలసిన పని లేదు. కంటికి కనపడని బూజు బీజాలు పురుగు ఒంటికి అంటుకొని మొలకెత్తి, చర్మం తొలుచుకొని లోపలికి పోతాయి. పురుగు మేత మానేసి కొద్ది రోజులలో చనిపోతుంది. దాని ఒంటిపై మొదట తెల్లగా, తరువాత ముదురు ఆకుపచ్చగా బూజు పెరిగి తిరిగి మట్టిలో కలుస్తుంది.

వాడే పద్ధతి

సంచిపై ముద్రించిన మోతాదు ప్రకారం, సాధారణంగా ఎకరాకు 2 కిలోల పొడిని, 100 కిలోల బాగా చివికిన పశువుల ఎరువులో కలపవలెను. నీరు చిలకరించి, నీడలో కుప్ప వేసి, తడి గోనె సంచులు కప్పి వారం పది రోజులు ఉంచవలెను. వాన పడి నేల పదునైనప్పుడు సాయంత్రం వేళ చల్లి, వెంటనే ఆఖరి దుక్కిలో కలియదున్నవలెను. ఎండ తగిలితే బూజు చచ్చిపోతుంది. పచ్చి పెంట వాడరాదు. అది కాగితే ఆ వేడికి బూజు నశిస్తుంది. బూజు తెగుళ్ళ మందులతో కలపరాదు. పట్టుపురుగులకూ సోకుతుంది గనుక మల్బరీ తోటల దగ్గర వాడరాదు. కొనేటప్పుడు గడువు తేదీ చూసుకోవలెను.

ఊరంతా కలిస్తేనే

ఇది గుళికల వలె వెంటనే ఫలితం చూపదు. నేల ఎండితే పనిచేయదు. ముదిరిన పురుగుకు అంతగా సోకదు. అందుచేత తొలకరి నాడే పని మొదలుపెట్టవలెను. తొలి పెద్ద వాన తరువాత తల్లి పెంకు పురుగులు రాత్రివేళ వేప, రేగు చెట్లపై వాలుతాయి. కొమ్మలు దులిపి, రాలిన పురుగులను కిరోసిన్ కలిపిన నీటిలో వేసి చంపితే గుడ్లు పెట్టేవి తగ్గుతాయి. ఒక్క రైతు చేస్తే పక్క చేను నుండి మళ్ళీ వస్తాయి. గ్రామస్థులందరూ ఒకేసారి పూనుకోవలెను.

సందేహాలున్న రైతులు రైతు వేదికలలోని వ్యవసాయ విస్తరణాధికారులను గానీ, తాండూరు వ్యవసాయ పరిశోధనా కేంద్రాన్ని గానీ విత్తడానికి ముందే సంప్రదించడం మంచిది. మొక్క వాడిన తరువాత అడిగితే ఆ పంటకు ప్రయోజనం ఉండదు.