అద్దపు తొట్టెలలోని చేపలు

గత సంవత్సరము మేము తొమ్మిదవ తరగతి బాలబాలికలను వెంటబెట్టుకొని సముద్రతీరమందలి యొక పట్టణమునకు విహారయాత్రకై పోయియుంటిమి. అచ్చట నొక మత్స్యప్రదర్శనశాల కలదు. దాని వెలుపలి గోడలపై తిమింగిలములును, పగడపు దిబ్బలును, రంగురంగుల మీనములును మనోహరముగా చిత్రింపబడియున్నవి. రుసుము చెల్లించి లోపల ప్రవేశించితిమి. లోపలి దృశ్యము వేరు. కొన్ని తొట్టెలలో నీరు కుడితివలె మసకబారియుండెను. అద్దములకు దట్టముగా పాచి పట్టియుండెను. ఒక తొట్టెలో అడుగున చచ్చిన చేప యొకటి పడియుండగా తక్కినవి దానిచుట్టు తిరుగుచుండెను. మరియొక తొట్టెలో పెద్ద చేప యొకటి నీటి పైభాగమునకు వచ్చి మాటిమాటికి నోరు తెరచి మూయుచుండెను. అది తమతో మాటలాడుచున్నదని పిల్లలు నవ్విరి. అప్పుడొక బాలిక నవ్వక మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, అది మాటలాడుట లేదు. ఊపిరాడక తపించుచున్నట్లున్నది. నీళ్లలోనే యున్న చేపకు ఊపిరాడకపోవుట యేమి?” అని యడిగెను.

ఆ ప్రశ్నకు మేము సరియైన యుత్తరము నీయలేకపోతిమి. అంతకు రెండేండ్లకు ముందు మా తరగతి గదిలోనే గాజుబుడ్డిలో మూడు బంగారుచేపలను పెంచబూనితిమి. పది దినములలో మూడును చనిపోయినవి. “చేపలు నిలువవు, అంతే” యని పిల్లలకు చెప్పి, బుడ్డిని కడిగి బీరువాపై పెట్టితిమి. సరిగా సాకినచో బంగారుచేప పదియేండ్లకు మించి బ్రదుకునని తరువాత చదివి తెలిసికొంటిమి. కాబట్టి ఆ బాలిక ప్రశ్నకు ఇప్పుడీ పుటలలో ఉత్తరము వ్రాయుచున్నాము.

చేపకును ఆమ్లజని కావలయును. మనము దానిని గాలినుండి ఊపిరితిత్తులతో గ్రహింతుము. చేప నీటిలో కరగియున్నదానిని మొప్పలతో గ్రహించును. ఒక లీటరు గాలిలో ఆమ్లజని రమారమి 270 మిల్లీగ్రాములుండగా, ఒక లీటరు మంచినీటిలో 20 డిగ్రీల వేడిమియందు 9 మిల్లీగ్రాములు మాత్రమే కరగియుండగలదు. నీరు వేడెక్కినకొలది ఆ కొంచెమును తగ్గును; 30 డిగ్రీల యొద్ద ఏడున్నర మిల్లీగ్రాములే. మన దేశపు వేసవిలో, తొట్టెనిండ చేపలను క్రుక్కి, గాలి నెక్కించు యంత్రమును ఆపివేసినచో ఏమగునో చదువరులే యూహింపగలరు. అట్టి సమయమున చేపలు పైకి వచ్చి, గాలి తగులుచుండు పలుచని పైనీటి పొరను త్రాగుచుండును. పిల్లలు నవ్విన మాటలు అవియే.

ఇంతకంటె కంటికి కనబడని యపాయము మరియొకటి కలదు. చేప తన శరీరమందలి మలినమును మొప్పలగుండ అమోనియా రూపమున నీటిలోనికి విడుచును. తినక మిగిలిన మేతయు, చచ్చిన చేపయు క్రుళ్లి అమోనియానే పుట్టించును. ఇది తీవ్రమైన విషము, మొప్పలను కాల్చివేయును. చెరువులలోను, ఏరులలోను ఈ విషము పేరుకొనకుండ కాపాడునవి కొన్ని సూక్ష్మజీవులు. ఒక తెగవి అమోనియాను నైట్రైటుగ మార్చును. మరియొక తెగవి నైట్రైటును నైట్రేటుగ మార్చును. నైట్రైటును విషమే, అది రక్తమునకుగల ఆమ్లజనిని మోయు శక్తిని హరించును. నైట్రేటు అంత హానికరము కాదు. దానిని మొక్కలు ఆహారముగా గైకొనును, మిగిలినది నీటిని మార్చినపుడు పోవును. కొత్త తొట్టెలోని యిసుకయందును వడపోత సాధనమునందును ఈ సూక్ష్మజీవులు స్థిరపడుటకు సామాన్యముగా నాలుగునుండి ఆరు వారములు పట్టును. మేమో, మొదటి దినముననే మూడు చేపలను బుడ్డిలో విడిచి, దయతో నిత్యము గుప్పెడు మేత వేసితిమి. మా యజ్ఞానముతోపాటు మా దయయు వానిని చంపినది.

ఈ రహస్యములో కొంతభాగమును మొదట కనుగొనినవారిలో రాబర్టు వారింగ్టన్ అను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞు డొకడు. ఆయన రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఒక పాత్రలో నుంచెను. మొక్క ఆమ్లజని నిచ్చుచున్నను, దాని యాకులు క్రుళ్లి నీరు చెడనారంభించెను. అప్పుడాయన చెరువునత్తలను కొన్నిటిని అందు విడువగా, అవి క్రుళ్లినదానిని తినివేసి నీటిని తేటపరచెను. ఈ సంగతిని 1850లో రసాయనశాస్త్ర సంఘమునకు తెలియజేసెను. మూడేండ్లకు, అనగా 1853లో, లండను జంతుశాలలో ప్రజలకొరకు చేపల యిల్లు తెరువబడెను. మన మద్రాసు మెరీనా తీరమునను 1909లోనే అట్టి ప్రదర్శనశాల వెలసినది.

అయితే, శాస్త్రము నేర్పిన జాగ్రత్తకంటె చూపరుల రుసుముపై ఆశ ముందు నడచిన సందర్భములును గలవు. న్యూయార్కులో బార్నమ్ అను ప్రదర్శకుడు 1861లో రెండు తెల్ల తిమింగిలములను తెప్పించి తన వస్తుశాల నేలమాళిగలోని తొట్టెలో నుంచెను. అవి కొలది దినములలోనే చనిపోయెను. ఆయన మరల తెప్పించెను. 1865లో ఆ భవనము తగులబడినపుడు తొట్టెలలోని తిమింగిలములును నశించెను.

ఇది పూర్వకాలపు మాటయని తోసివేయరాదు. అమెరికాలోని వాషింగ్టన్ తీరమున 1970లో పట్టుబడిన ఓర్కా యొకటి, లోలిటా యను పేరుతో, మయామీ నగరపు ప్రదర్శనశాలలో ఏబది యేండ్లకుపైగా జీవించెను. దాని కొలనులో మిక్కిలి లోతైన చోటు 20 అడుగులు. ఆ జంతువు పొడవును రమారమి యంతయే. 2021లో ప్రభుత్వ పరీక్షకులు అచ్చటి జంతువులకు పెట్టు మేతచేపల చెడుదనమును, నీటి లోపములను, కొలనుల శిథిలస్థితిని తమ నివేదికలో వ్రాసిరి. 2023 ఆగస్టులో అది మరణించెను. మన భారత ప్రభుత్వము మాత్రము 2013లోనే వినోదమునకై డాల్ఫిన్లను బంధించి యుంచు ప్రదర్శనశాలలను అనుమతింపరాదని రాష్ట్రములకు తెలిపినది. ఇది మనము సంతోషింపదగిన విషయము.

తిమింగిలము బాధ పడునని ఒప్పుకొనువారును, చిన్నచేపకు బాధ యేమని యడుగుదురు. 2003లో స్కాట్లండు దేశపు శాస్త్రజ్ఞులు ట్రౌటు చేపల తలయందు గాయమును పసిగట్టు నాడులు కలవని కనుగొనిరి. పెదవులలో అసిటిక్ ఆమ్లము నెక్కింపగా ఆ చేపలు మేత మానివేసి, పెదవులను అడుగునగల రాళ్లకు రుద్దుకొనెను. కేక వేయలేని ప్రాణికి నొప్పి లేదనుట న్యాయము కాదు.

తొట్టెలు పాడుపడుటకు కారణము ఎల్లప్పుడును క్రూరత్వము కాదు. భవనము కట్టుటకు ధనము దొరకును. ప్రారంభోత్సవమునకు పూలదండలు దొరకును. ప్రతిదినము నీటిని పరీక్షించు సేవకుని జీతమునకు మాత్రము సొమ్ము చాలదు. వడపోత యంత్రము చెడినచో బాగుచేయువారుండరు. తొట్టె పటము వంటిదని తలంచి గోడకు తగిలించి మరచెదరు. అది పటము కాదు. ఊపిరి విడుచుచు, ఆకలిగొనుచు, మలినమగుచు నుండు చిన్న చెరువు.

కాబట్టి విద్యార్థులారా, తలిదండ్రులారా, మీరట్టి చోటికి పోయినపుడు చేపల రంగులతోపాటు నీటినిగూడ చూడుడు. నీరు మసకగానున్నదా? చేపలు పైకి వచ్చి నోరు తెరచుచున్నవా? రెక్కలు ముడుచుకొని మూలనున్నవా? ఒంటిపై పుండ్లుగాని, దూదివంటి తెల్లని బూజుగాని కలదా? దాగుటకు రాళ్లైనను, మొక్కలైనను కలవా? అద్దముపై కొట్టకుడు, ఆ చప్పుడు నీటిలో చేపకు మిక్కిలి బెదురు కలిగించును. బొరుగులు వేయకుడు. లోపము కనబడినచో అధికారులకు మర్యాదగా తెలుపుడు. బాగుగా నున్నచో ఆ సేవకుని మెచ్చుకొనుడు. ఆనాడు మేము నోరు మెదపక బయటికి వచ్చితిమి. పిమ్మట సిగ్గుపడి, పిల్లలచేత ఆ కార్యాలయమునకు ఉత్తరము వ్రాయించితిమి. ప్రత్యుత్తరము రాలేదు. మరల వ్రాయుదుము.

ఇక మా గాజుబుడ్డి సంగతి. దానిని మరల చేపలకు వాడలేదు, అందిప్పుడు పెన్సిళ్లున్నవి. దానికి బదులు పెద్ద తొట్టె నొకదానిని సంపాదించి, ఇసుక పరచి, మొక్కలు నాటి, వడపోత సాధనము నమర్చితిమి. పిల్లలు దినదినము నీటిని పరీక్షించి పుస్తకములో వ్రాయుచున్నారు. అందింకను చేపలు లేవు. ప్రశ్న నడిగిన బాలికయే ఆ పుస్తకమునకు కావలికత్తె; అమోనియాయు, నైట్రైటును లేవని ఆమె చెప్పువరకు ఒక్క చేపనైనను తేగూడదని తరగతియంతయు తీర్మానించినది. మేమును ఆ తీర్మానమునకు లోబడియున్నాము.