పొడవైన కమాను – నేల విడువని చక్రం

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాలలో రూబికాన్ బాటపై ప్రయాణించే ట్రక్కుకు ఇంజను బలమొక్కటే చాలదు. బండరాయి ఎక్కినప్పుడు వెనుక చక్రమొకటి గాలిలోకి లేచినచో, సాధారణ డిఫరెన్షియల్ ఉన్న వాహనంలో అది వృథాగా తిరుగుతుంది. నేలపైనున్న రెండవ చక్రానికి బండిని నెట్టే బలం అందదు. కనుక చక్రం ఎంత మేర పైకీ కిందికీ కదలగలదన్నదే ఇక్కడ ప్రధానం.

తెలుగునాట లారీ మెకానిక్కులు కమాను కట్టలని పిలిచే ఉక్కుపట్టీల దొంతరే అనేక ట్రక్కులలో వెనుక ఇరుసుకు ఆధారం. దాని బిగువు పొడవు ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. పట్టీల మందం, వెడల్పు, సంఖ్య మార్చకుండా 50 అంగుళాల కమాను స్థానంలో 60 అంగుళాలది అమర్చినచో బిగువు సుమారు 58 శాతానికి తగ్గుతుంది. ఉక్కుపై ఒత్తిడి పెరగకుండానే అది 44 శాతం అధికంగా వంగగలదు.

మందపాటి పట్టీలు కొన్ని వాడుటకంటె, అదే బరువు మోసే పలుచని పట్టీలు ఎక్కువగా పేర్చుట మేలు. బరువు పడి చదునైనప్పుడు కమాను సాగుతుంది గనుక, దాని వెనుక కొసను పట్టియుంచే షాకిల్ ఊగుటకు చోటుండాలి.

అయితే మెత్తని కమాను సరుకు బరువుకు కుంగుతుంది. ఇంజను లాగుడుకు మెలివడి ఇరుసును కుదుపుతుంది. షాక్ అబ్సార్బరు, బ్రేకు గొట్టం కూడా కొత్త కదలికకు చాలినంత పొడవుండాలి. పొడవు చాలక బ్రేకు గొట్టం తెగితే కొండవాలున ప్రాణాపాయమే. కమాను మార్చదలచినవారు మొట్టమొదట కొలవవలసినది ఆ గొట్టాన్నే.