పాటకు టేకు గూడు

కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు, రికార్డు ప్లేయరు ప్రాణమంతా ముల్లున్న ఆ చిన్న కార్ట్రిడ్జ్‌లో ఉంటుంది. ఘంటసాలైనా, సుశీలైనా ముందు పలికేది అక్కడే! జపాన్ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. కోసం 1960లలో రూపొందిన డెనాన్ డి.ఎల్.-103 ఇప్పటికీ దొరుకుతోంది. పాటతోపాటు దాని ప్లాస్టిక్ ఒళ్లూ వణుకుతుందని, ఆ తొడుగు ఊడదీసి కొయ్య గూట్లో ఎపాక్సీతో అతికించుకునే పాటపిచ్చివాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. పాట బాగుపడుతుందా అంటే, సగం కొయ్య మహిమ, సగం చెవి భ్రమ అనే నా అనుమానం!

కొయ్య అనగానే మనకు ఆదిలాబాద్ అడవులే గుర్తొస్తాయి. నిర్మల్ బొమ్మల పొణికి కర్ర మాత్రం ఇందుకు పనికిరాదండోయ్... మరీ తేలిక, మెత్తన. టేకు నయం. కానీ టేకులో నూనె ఉంటుంది, స్పిరిట్‌తో తుడవందే జిగురు పట్టదు. బొమ్మలకైతే చింతగింజల ముద్ద సరిపోతుంది, ఇక్కడ మాత్రం రెండు గొట్టాల ఆరల్డైటే గతి. అదీ నిదానంగా గట్టిపడే రకమైతేనే ముల్లు వంకరపోకుండా సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. గూడు బరువు మారింది కాబట్టి ముల్లు మోపే బరువు మళ్లీ 2.5 గ్రాములకు సరిచూసుకోవాలి.

లోపలి తీగ వెంట్రుక కన్నా సన్నం. ఒక్క బొట్టు జిగురు అందులోకి జారిందా, ఇక ఆ ముల్లు మూగదే!

కరీంనగర్‌లో వడ్రంగి చేత టేకు గూడు చెక్కించి ఆరు నెలలైంది. మా బాపు దాచిన రికార్డులను పలికించే ముల్లు ఇంట్లో అదొక్కటే. తొడుగు విప్పడానికి నాకింకా చెయ్యి రావడం లేదు.