పురుగు పోయె... పేను వచ్చె!

చార్మినార్‌కు కూతవేటు దూరంలోని హుస్సేనీ ఆలంలో ఓ ఇంట పెళ్లికి కొత్త పరుపులు కుట్టిస్తున్నారనుకోండి. అందులో నింపే దూది వరంగల్, ఆదిలాబాద్ చేలనుంచి వచ్చిందే కావచ్చు. తెల్లగా, మెత్తగా ఉండే ఆ దూది వెనక ఓ యుద్ధమే నడుస్తుంది. రైతుకూ పురుగుకూ మధ్యే కాదు, పురుగుకూ పురుగుకూ మధ్య కూడా. యుద్ధభూమి... పత్తి ఆకు!

పత్తి ఆకును దగ్గరగా చూస్తే సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తాయి. అవి విషపు తిత్తులు. గాసిపాల్, దాని తోబుట్టువులైన టర్పినాయిడ్లు వాటిలో ఉంటాయి. శనగపచ్చ పురుగు ఆకును కొరికిందంటే చాలు, జాస్మోనిక్ ఆమ్లం రూపంలో మొక్కంతా కబురు పాకుతుంది. కొత్త చిగుళ్లలో విషం మోతాదు పెరుగుతుంది. కొరికిన పురుగుకే కాదు, తర్వాత వచ్చి రసం పీల్చే పేనుబంకకూ అది గిట్టదు. (రసం పీల్చేవి వాలితే మొక్క పంపే కబురు వేరు. అది సాలిసిలిక్ ఆమ్లం. ఈ రెండింటికీ తరచూ పడదు. ఒకటి లేస్తే రెండోది అణుగుతుంది.)

అంటే పురుగు తనకు తెలియకుండానే పేనుబంకను అడ్డుకుంటోందన్నమాట. మరి ఆ పురుగే లేకపోతే?

1997-98లో వరంగల్ పత్తి రైతు గోస ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఎన్ని మందులు కొట్టినా చావని లద్దె పురుగు, తీరని అప్పులు, ఆత్మహత్యలు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక, కొన్నేళ్లలోనే చేలన్నీ దాంతో నిండిపోయాయంటే ఆశ్చర్యమేముంది? బీటీ ఆకు కొరికిన కాయతొలుచు పురుగు చస్తుంది. బాగానే ఉంది. కానీ కొరుకుడు తగ్గేసరికి మొక్క కూడా విషం తయారీ తగ్గించేసింది! స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తల బృందం 2013లో రాయల్ సొసైటీ పత్రికలో బయటపెట్టిన సంగతి ఇదే. గాజు గదుల్లో పెంచిన అలాంటి మొక్కల మీద పేనుబంక హాయిగా పెరిగింది.

పేనే కదా అనుకోవడానికి లేదు. అది విసర్జించే తీపి జిగురు మీద మసి పడుతుంది. విచ్చిన దూదికి అంటితే ధర తెగుతుంది.

అయితే పొలంలో లెక్క ఇంత తేటగా తేలలేదని ఆ శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు. కొన్ని రోజుల్లో బీటీ చేలో పేనుబంక ఎక్కువే కనిపించింది కానీ, ఆకులోని విషానికీ దాని సంఖ్యకూ పొంతన కుదరలేదు. పొలమంటే గాజు గది కాదు మరి. వాన కడిగేస్తుంది, ఎండ మాడుస్తుంది. పేనుబంకను ఇష్టంగా తినే అక్షింతల పురుగులూ అక్కడే తిరుగుతుంటాయి. విచక్షణ లేకుండా మందు కొడితే పేనుబంకతో పాటు అవీ పోతాయి.