టిక్కెట్టు కొని చూచిన మా ఊరు

జాంబియా దేశంలోని లివింగ్‌స్టన్ పట్టణంలో మా నాన్నగారు లెక్కల మాష్టారు. 1984 నుండి 1989 వరకు మేము అక్కడే ఉన్నాము. క్రిందటి సంవత్సరం మళ్లీ వెళ్లాను, ఈసారి యాత్రికుల బస్సులో.

జలపాతం దగ్గర స్థానికులకు ఒక రేటు, విదేశీయులకు ఎక్కువ రేటు. పాస్‌పోర్టు చూచి నన్ను విదేశీయుల వరుసలోకి పంపారు. న్యాయమే, గాని మనసు చివుక్కుమంది. జాంబెజీ నది సుమారు 1,700 మీటర్ల వెడల్పున, 100 మీటర్లకు పైగా లోతుకు దూకుతుంది. 1855లో మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ దీనికి తమ రాణి విక్టోరియా పేరు పెట్టాడు. అక్కడివారు అంతకు ముందునుండే మోసి-ఓవా-తున్యా, అంటే ఉరిమే పొగ, అనేవారు. మా చిన్నప్పుడు అదేమీ వింత కాదు. ఆకాశాన తెల్లని తుంపర కనబడితే నదికి నీళ్లొచ్చాయనుకునేవాళ్లం.

మధ్యాహ్నం గైడు న్షిమా పెట్టించి, ఎలా తినాలో చూపబోయాడు. అది మొక్కజొన్న పిండి సంకటే. నేను ముద్ద చేసి ఆకుకూర అద్దుకోగానే, "ఎవరు నేర్పారు?" అన్నాడు.

ప్రక్కింటి తల్లి నేర్పింది. 1986 డిసెంబరులో పిండి ధర పెంచగా రాగి గనుల ఊళ్లలో అల్లర్లు జరిగాయి. ఆ కరువు రోజుల్లోనే మా అమ్మ టైఫాయిడుతో మంచం పట్టింది. నెల రోజులు నా కడుపు నింపింది ఆమే. ఇండియాకు వచ్చాక ఆమెకు ఒక్క ఉత్తరమైనా వ్రాయలేదు.

బస్సు మ్యూజియానికి బయలుదేరుతుంటే దిగిపోయాను. వీధి దొరికింది, ఇల్లూ దొరికింది. తలుపు తీసిన అమ్మాయికి ఆమె ఎవరో తెలియదు. ఎదురింటి ముసలాయన మాత్రం నన్ను తేరిపార చూచి, "ఇండియా మాష్టారి కొడుకువా?" అన్నాడు. ఆమె చనిపోయి ఇరవై ఏళ్లు దాటిందట. ఆయన లోపలికి వెళ్లి నాకొక కుర్చీ తెచ్చి వేశాడు.